అద్దె ఇంట్లో అతిథి బస: విశాఖలో స్వల్పకాల సబ్‌లీజుకు అనుమతి

నెల అద్దెకు తీసుకున్న ఇంట్లో అద్దెదారు తాను కాపురం ఉండకుండా, రోజు లెక్కన వచ్చిపోయేవారికి బసగా ఇచ్చి డబ్బు తీసుకోవడాన్ని స్వల్పకాల సబ్‌లీజు అంటున్నారు. ఇందులో ముగ్గురు ఉంటారు. ఇంటి ఓనరు ఒకరు, ఆయన దగ్గర ఇల్లు తీసుకున్న అద్దెదారు మరొకరు, ఆ అద్దెదారుకు డబ్బు కట్టి రెండు రాత్రులో పది రాత్రులో ఉండి వెళ్లే అతిథి మూడో మనిషి. ఓనరుకు అతిథి ఎవరో తెలియదు, అతిథికి ఓనరు ఉన్నాడనే తెలియదు. అద్దె తీసుకునేవాడికీ ఇంట్లో పడుకునేవాడికీ మధ్య ఏ ఒప్పందమూ లేకపోవడమే ఈ ఏర్పాటులోని చిక్కులన్నిటికీ మూలం.

విశాఖపట్నంలో ఇలాంటి బసకు గిరాకీ సముద్రం చూడటానికి వచ్చేవారితోనే పుట్టలేదు. కింగ్ జార్జ్ ఆసుపత్రికి, ఆరిలోవ హెల్త్ సిటీకి, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ ఒడిశా కొండ ప్రాంతాల నుంచీ రోగులు వస్తారు. వారి వెంట వచ్చినవారికి వారం పది రోజులు వండుకు తినే వీలున్న గది కావాలి. ఉక్కు కర్మాగారంలోనో రిఫైనరీలోనో షట్‌డౌన్ పనులు మొదలైతే కాంట్రాక్టు ఇంజినీర్లు, ఫిట్టర్లు నెలా రెండు నెలలు గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఇళ్లు వెతుక్కుంటారు. మధురవాడ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ పడినా, సింహాచలంలో చందనోత్సవమో గిరిప్రదక్షిణో వచ్చినా, పెళ్లి ముహూర్తాలు వరస కట్టినా ఊళ్లో గదులు చాలవు. 2016లోని అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష, 2025 జూన్ 21న ఆర్కే బీచ్‌లో జరిగిన యోగా దినోత్సవం, అదే ఏడాది నవంబరులో జరిగిన పెట్టుబడిదారుల సదస్సు వంటి సందర్భాల్లో వచ్చిన జనం సరేసరి. ఓడరేవులో 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఈ గిరాకీని చూసి లాసన్స్ బే, పెదవాల్తేరు, ఎండాడ, సాగర్‌నగర్, రుషికొండ ప్రాంతాల్లో ఫ్లాటు అద్దెకు తీసుకుని, మంచాలూ ఏసీలూ పెట్టి, ఆన్‌లైన్ వేదికల్లో రాత్రి ధరకు పెట్టేవారు తయారయ్యారు.

లెక్క పైకి ఆకర్షణీయంగానే ఉంటుంది. ఉదాహరణకు నెలకు 25 వేల అద్దె ఉన్న ఫ్లాటును రాత్రికి 2,500కు ఇస్తే పది రాత్రుల్లో అద్దె వచ్చేస్తుంది, మిగిలినదంతా లాభమే అనిపిస్తుంది. కానీ వేదిక కమీషను, శుభ్రం చేసే మనిషి జీతం, దుప్పట్ల ఉతుకు, కరెంటు, ఇంటర్నెట్, పాడైన సామాను, పన్నులు తీసేస్తే ఆ పది రాత్రులు పదిహేనో పద్దెనిమిదో అవుతాయి. ఓనరుకు కట్టాల్సిన అద్దె ప్రతి నెలా స్థిరం, అతిథుల రాబడి మాత్రం కాలాన్ని బట్టి మారుతుంది. అక్టోబరు, నవంబరు తుపానుల రోజుల్లో బుకింగులు రద్దయినా అద్దె ఆగదు. సబ్‌లీజుకు ఒప్పుకున్న ఓనరు తనకు తెలియకుండానే ఈ వ్యాపారపు నష్టభయంలో కొంత మోస్తాడు. గదులు ఖాళీగా ఉన్న నెలల్లో ముందుగా ఆగిపోయేది ఆయనకు రావలసిన అద్దే.

చట్టం ఏమంటుంది

అద్దె సంబంధాలకు పునాది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 108వ సెక్షన్ ఓనరు, అద్దెదారుల హక్కులనూ బాధ్యతలనూ చెబుతుంది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, స్థానిక ఆచారం అడ్డురాకపోతే, అద్దెదారు తన హక్కును పూర్తిగా గానీ కొంత భాగం గానీ మరొకరికి సబ్‌లీజుకు ఇవ్వవచ్చునని అందులో ఉంది. చాలామంది ఓనర్లకు ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది. అగ్రిమెంటులో సబ్‌లీజు మాటే లేకపోతే ఈ చట్టం ప్రకారం ఆ మౌనం అద్దెదారుకే అనుకూలం. అయితే అదే నిబంధన, సబ్‌లీజుకు ఇచ్చినంత మాత్రాన అసలు అద్దెదారు ఓనరు పట్ల తన బాధ్యతల నుంచి బయటపడడనీ అంటుంది. అద్దె బకాయికి, పగిలిన అద్దానికి, చెడిన గోడకు ఓనరు ముందు జవాబు చెప్పాల్సింది అతడే.

ఇంటి అద్దె నియంత్రణ చట్టాలు ఈ మౌనానికి సరిగ్గా వ్యతిరేకార్థం చెప్పాయి. విశాఖ మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1949 నాటి మద్రాసు అద్దె నియంత్రణ చట్టం నడిచింది. దాని స్థానంలో వచ్చిన 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం, ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటిని మొత్తంగా గానీ కొంతగా గానీ సబ్‌లెట్ చేస్తే ఖాళీ చేయించవచ్చునని 10వ సెక్షన్‌లో పెట్టింది. అదే చోట మరో కారణం కూడా చేర్చింది: ఏ పనికి ఇల్లు తీసుకున్నారో అది కాక మరో పనికి అనుమతి లేకుండా వాడటం. స్వల్పకాల బసల విషయంలో ఈ రెండో కారణమే ఎక్కువ బలమైనది, దాని సంగతి తర్వాత వస్తుంది. 1960 చట్టం అన్ని ఇళ్లకూ వర్తించలేదు. 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు దాని నుంచి బయటపడ్డాయి. కాబట్టి సముద్రం కనబడే ఫ్లాటు తగాదా అద్దె నియంత్రణ కోర్టుకు కాక, ఆస్తి బదిలీ చట్టం కింద నోటీసుతో సివిల్ కోర్టుకు వెళుతూ వచ్చింది.

ఆ తర్వాత వచ్చిన చట్టాలు మళ్లీ రాతనే కోరాయి. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, అసలు ఒప్పందానికి అనుబంధ ఒప్పందం రాసుకోకుండా అద్దెదారు సబ్‌లెట్ చేయకూడదు. రాసుకున్నాక రెండు నెలల్లోపు ఓనరు, అద్దెదారు కలిసి అద్దె అధికారికి తెలపాలి. ఆంధ్రప్రదేశ్ 2017లోనే నివాస, నివాసేతర ఆవరణల అద్దె చట్టం చేసింది. నమూనా చట్టానికి అనుగుణంగా తమ చట్టాలను మార్చుకున్నవని కేంద్ర గృహనిర్మాణ శాఖ చెప్పిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, మిగిలినవి తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం. నమూనా చట్టం హోటళ్లు, లాడ్జీలు, సత్రాలను తన పరిధిలోంచి తీసేసింది. రోజు బసలు నడిచే ఫ్లాటు ఇల్లా, లాడ్జీయా అన్న ప్రశ్నకు మాత్రం అందులో సూటి జవాబు దొరకదు.

అతిథిని సబ్‌లెట్ అద్దెదారు అనవచ్చా అన్నది మరో మెలిక. లీజులో ఇంటి మీద కొంత హక్కు చేతులు మారుతుంది. లైసెన్సులో హక్కు మారదు, ఉండటానికి అనుమతి మాత్రం దొరుకుతుంది. ఈ తేడాను 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో జస్టిస్ కోకా సుబ్బారావు విడమరిచారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా చేసి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన తెలుగువాడు ఆయన. కాగితం మీద ఏ పేరు పెట్టారన్నది కాదు, ఒప్పందంలోని అసలు ఉద్దేశం ఏమిటన్నది చూడాలనీ, స్థలం మీద పూర్తి స్వాధీనం ఇస్తే పైకి అది లీజుగానే కనబడుతుందనీ ఆ తీర్పు చెప్పింది. గోవా అద్దె చట్టం కింద వచ్చిన ఒక కేసులో 2009లో సుప్రీంకోర్టు సబ్‌లెట్‌కు ఏం రుజువు కావాలో క్రోడీకరించింది. ఓనరు అనుమతి లేకుండా, ప్రతిఫలానికి, మూడో మనిషికి పూర్తి స్వాధీనం అప్పగించి ఉండాలి. తొలుత రుజువు భారం ఓనరుది. మూడో మనిషి పూర్తి స్వాధీనంలో ఉన్నాడని తేలితే, అది సబ్‌లెట్ కాదని చూపాల్సిన భారం అద్దెదారు మీద పడుతుంది.

ఈ కొలతతో చూస్తే రెండు రాత్రులు ఉండే అతిథి మామూలుగా లైసెన్సీయే. తాళంచెవి అతని చేతిలో ఉన్నా ఇల్లు ఊడ్చేది, దుప్పట్లు మార్చేది, పదకొండు గంటలకు ఖాళీ చేయమనేది అద్దెదారే. కాబట్టి ‘నేను ఎవరికీ సబ్‌లెట్ చేయలేదు, అతిథులను ఉంచుకున్నాను’ అన్న అద్దెదారు వాదనలో పస ఉంది. కానీ అది అతన్ని గట్టెక్కించదు. కాపురానికని తీసుకున్న ఇంట్లో రోజూ కొత్త మొహాలకు డబ్బు తీసుకుని బస ఇవ్వడం, వాడకాన్ని మార్చడమే. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా, తీసుకున్న పనికి కాక మరో పనికి ఇంటిని వాడకూడదనే అంటుంది. ఇక అద్దెదారు ఫ్లాటు మొత్తాన్ని నడపమని మరో కంపెనీకి అప్పగిస్తే, అక్కడ స్వాధీనమే చేయి మారింది కనుక అది నికరమైన సబ్‌లీజు.

దీన్నిబట్టి ఓనరు దగ్గర తీసుకోవలసిన అనుమతులు రెండు, ఒకటి కాదు. సబ్‌లెట్ చేసుకోవచ్చని ఒకటి, రోజు బసలకు వాడుకోవచ్చని ఇంకొకటి. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2014 జనవరిలో బెర్లిన్ ఫ్లాటు ఒకదాని విషయంలో ఇదే తేల్చింది: సబ్‌లెట్‌కు ఓనరు ఇచ్చిన సాధారణ అనుమతిలో, పర్యాటకులకు రోజువారీగా ఇచ్చుకునే అనుమతి ఇమిడి ఉండదు. లండన్‌లో 2016 నాటి ఫెయిర్‌ఫీల్డ్ రెంట్స్ కేసులో, సొంత నివాసంగానే వాడాలన్న షరతు ఉన్న ఫ్లాటును రోజుల లెక్కన ఇవ్వడం ఆ షరతును మీరడమేనని ట్రిబ్యునల్ చెప్పింది. కొద్ది రాత్రులు ఉండేవాడికి అది నివాసం కాదన్నది అక్కడి తర్కం. విశాఖలో డాక్యుమెంట్ రైటర్ల దగ్గర దొరికే పదకొండు నెలల అగ్రిమెంటులో ‘సబ్‌లెట్ చేయరాదు’ అన్న వాక్యం, ‘నివాసం నిమిత్తం’ అన్న మాట రెండూ సాధారణంగా ఉంటాయి. మొదటిదాన్ని కొట్టేసి రెండోదాన్ని అలాగే వదిలేస్తే అనుమతి సగమే ఇచ్చినట్టు.

పదకొండు నెలల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలని ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం రెండూ అంటాయి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు నెలలు. కాపురం ఉండేవాడికి దాంతో పెద్ద నష్టం లేదు. లక్షలు పెట్టి మంచాలు, ఏసీలు, వంటింటి సామాను కొనే అద్దెదారుకు మాత్రం అది ప్రమాదం. మూడేళ్లకని నోటిమాటగానో రిజిస్టర్ కాని కాగితం మీదో ఒప్పుకుంటే, నివాస గృహాల విషయంలో కోర్టులో అది నెలనెలా నడిచే అద్దెగానే మిగులుతుంది. పదిహేను రోజుల నోటీసుతో ముగిసిపోయే హక్కు మీద అంత డబ్బు గుమ్మరించడం తెలివి కాదు.

కేటాయింపు క్వార్టర్లు

ఓడరేవు, ఉక్కు నగరంలో ఇంకో రకం ఇళ్లున్నాయి. ఉక్కునగరంలోనూ ఓడరేవు, రైల్వే, షిప్‌యార్డు కాలనీల్లోనూ ఉద్యోగులకు కేటాయించిన క్వార్టర్లు మార్కెట్లో దొరికే అద్దె ఇళ్లు కావు. అవి ఉద్యోగానికి కట్టుబడిన వసతి. ఉద్యోగి వాటిని మరొకరికి ఇవ్వడం సేవా నియమాల కింద క్రమశిక్షణ విషయమవుతుంది. ప్రభుత్వ కంపెనీల, ప్రధాన ఓడరేవుల ఆవరణల్లో అనధికారంగా ఉన్నవారిని 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం కింద ఎస్టేట్ అధికారి సివిల్ కోర్టు దాకా వెళ్లకుండానే ఖాళీ చేయించగలడు. ఇలాంటి క్వార్టరులో డబ్బు కట్టి దిగిన అతిథికి ఏ రక్షణా ఉండదు. ఇక్కడ అనుమతి గురించి చర్చించడానికి ఏమీ లేదు, ఆ అనుమతి ఇవ్వడం ఉద్యోగి చేతిలోనే లేదు.

ఇరుగుపొరుగు, నగరపాలక సంస్థ, పోలీసులు

అపార్టుమెంటులో ఓనరు ఒప్పుకుంటే సరిపోదు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం ఫ్లాటు యజమానులను సంఘం నియమావళికి కట్టుబడమంటుంది. తనకే లేని వెసులుబాటును ఓనరు తన అద్దెదారుకు ఇవ్వలేడు. సంఘాల అభ్యంతరాలను కొత్తవారంటే భయంగా కొట్టిపారేయడం సరికాదు. చాలా చోట్ల మెయింటెనెన్సు ఫ్లాటుకింత అని సమంగా పంచుతారు. ఎండాకాలంలో కొండవాలు కాలనీలకు ట్యాంకరు నీళ్లు వచ్చేటప్పుడు, వారానికి ఇరవై మంది స్నానాలు చేసే ఫ్లాటు నీటి ఖర్చును ఇద్దరు వృద్ధులున్న ఫ్లాటు పంచుకోవాల్సి వస్తుంది. లిఫ్టు అరుగుదల, రాత్రి పన్నెండుకు వాచ్‌మన్ తలుపు తీయడం, పార్కింగు చోటు ఇవన్నీ నిజమైన భారాలే. ఆ ఫ్లాటు నుంచి ఎక్కువ మెయింటెనెన్సు వసూలు చేయడం నిషేధం కంటే న్యాయమైన దారి.

భద్రత లెక్కలు కూడా మారతాయి. జాతీయ భవన నియమావళి నివాస భవనాలను రకాలుగా విడదీసి, లాడ్జింగు ఇళ్లను ఒక ఉపవర్గంలో, అపార్టుమెంట్లను వేరొక ఉపవర్గంలో, హోటళ్లను మరొక దానిలో పెట్టింది. మెట్లు ఎటున్నాయో తెలిసిన కుటుంబానికీ, చీకట్లో తొలిసారి వచ్చి పడుకున్న మనిషికీ అగ్నిప్రమాదంలో ఉండే తేడాయే ఈ విభజనకు కారణం. ఫ్లాటులో రోజు బసలు నడిపితే, కాగితాల మీద అపార్టుమెంటుగా ఉన్నది వాడకంలో లాడ్జింగుకు దగ్గరవుతుంది. ఆస్తి పన్నులోనూ నివాసానికి, నివాసేతరానికి రేట్లు వేరు. 2021 నుంచి రాష్ట్రంలో ఈ పన్ను ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. తూర్పు విద్యుత్ పంపిణీ సంస్థ కరెంటు టారిఫ్‌లో గృహ వర్గం, వాణిజ్య వర్గం విడివిడిగా ఉన్నాయి. వాడకం మారిందని తేల్చి పాత బిల్లుల తేడా కట్టమన్నప్పుడు ఆ నోటీసు మీటరు ఎవరి పేరున ఉందో వారికే, అంటే సాధారణంగా ఓనరుకే వస్తుంది.

తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు కావడంతో, ఎవరు ఎక్కడ దిగారన్నది ఇక్కడ తేలిక విషయం కాదు. శత్రుదేశానికి సమాచారం చేరవేశారన్న ఆరోపణపై 2019 డిసెంబరులో నౌకాదళ సిబ్బంది అరెస్టయిన కేసు విశాఖను కుదిపింది. ‘డాల్ఫిన్స్ నోస్’ పేరుతో జరిగిన ఆపరేషన్ అది. అతిథుల గుర్తింపు కార్డులు చూసి రిజిస్టరు రాయడం హోటళ్లలో ఏనాటి నుంచో ఉన్న పద్ధతి, ఫ్లాటు బసల్లో అది మనిషిని బట్టి మారుతోంది. విదేశీయుడు దిగితే వసతి ఇచ్చినవారు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి, చాలాకాలం దీన్ని ఫారం-సి అన్నారు. ఈ విషయాలన్నిటికీ ఇప్పుడు ఆధారం 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన వలసలు, విదేశీయుల చట్టం. వసతి ఇచ్చినవారు ఎవరన్న ప్రశ్న వస్తే అద్దెదారే. కానీ అద్దెదారు ఫోన్ ఎత్తకపోతే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఇంటి ఓనరు దగ్గరికే.

పన్నులు

ఓనరుకు వచ్చే అద్దె ఆదాయపు పన్నులో ఇంటి ఆస్తి ఆదాయం, అందులో 30 శాతం ప్రామాణిక తగ్గింపు ఉంది. అద్దెదారు అతిథుల నుంచి తీసుకునేది అలా కాదు. అతను యజమాని కాడు కనుక అది వ్యాపార ఆదాయమో ఇతర ఆదాయమో అవుతుంది, ఆ 30 శాతం తగ్గింపు దొరకదు. విశాఖలో చాలా ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటారు. ప్రవాస ఓనరుకు అద్దె కట్టేవారు అద్దె ఎంతైనా సరే మూలంలోనే 30 శాతం, దానిపై సెస్సు కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఊళ్లో ఉన్న తండ్రి ఖాతాలో అద్దె వేస్తే ఈ బాధ్యత పోదు. ఇలాంటి ఇళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ ఉన్న బంధువు సంతకంతో అనుమతి ఇస్తుంటారు. అద్దెకు ఇచ్చే అధికారం ఆ పత్రంలో ఉన్నంత మాత్రాన సబ్‌లీజుకు, వాడకం మార్పుకు ఒప్పుకునే అధికారం కూడా ఉన్నట్టు అనుకోకూడదు. అది విడిగా రాసి ఉండాలి.

జీఎస్టీలో చిక్కు ఇంకా లోతైనది. కాపురానికి ఇచ్చిన ఇంటి అద్దెపై పన్ను లేదు. ఇల్లు తీసుకున్న సంస్థ దాన్ని హాస్టలుగా నడిపితే ఓనరుకు ఈ మినహాయింపు ఉంటుందా అన్న బెంగళూరు కేసులో, చివరికి ఉండేవారు దాన్ని నివాసంగానే వాడుతున్నారు కనుక ఉంటుందని కర్ణాటక హైకోర్టు 2022 ఫిబ్రవరిలో అంది. అదే ఏడాది జులై 18 నుంచి నిబంధన మారింది. జీఎస్టీలో నమోదైన వ్యక్తి తన వ్యాపారానికి ఇల్లు అద్దెకు తీసుకుంటే అద్దెపై 18 శాతం పన్ను అతనే కట్టాలి. మరోవైపు రాత్రికి 7,500 రూపాయల లోపు బసపై 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం పన్నే ఉంది, అయితే కట్టిన పన్నును వెనక్కి సర్దుకునే వీలు లేదు. ఈ రెంటినీ కలిపి చూస్తే 25 వేల అద్దె కట్టే నమోదిత అద్దెదారు నెలకు 4,500 అదనంగా కట్టాలి, అది తిరిగి రాదు. ఏటా 20 లక్షల లోపు వ్యాపారం ఉండి నమోదు కానివారు ఆన్‌లైన్ వేదిక ద్వారా బస ఇస్తే, ఆ పన్ను బాధ్యత వేదికది.

ఇతర నగరాల నియమాలు

న్యూయార్క్‌లో 2022 నాటి 18వ స్థానిక చట్టం 2023 సెప్టెంబరు నుంచి అమలవుతోంది. ముప్పై రోజుల లోపు బసకు నగరంలో నమోదు కావాలి, ఆతిథేయి ఆ ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. తమ లీజులు ఇలాంటి బసలను నిషేధిస్తున్నాయని భవన యజమానులు ముందే తెలిపి, ఆ భవనాన్ని నిషేధిత జాబితాలో పెట్టించుకోవచ్చు. అనుమతి ఉందో లేదో తగాదా వచ్చాక తేల్చడం కాక నమోదు దగ్గరే తేల్చే ఈ పద్ధతి మిగతా నగరాల వాటికంటే మెరుగైనది. లండన్ ఏడాదికి 90 రాత్రుల హద్దు పెట్టింది. బార్సిలోనా 2028 నవంబరు నాటికి పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులన్నీ ముగించాలని 2024లో ప్రకటించింది. స్థానికులకు అద్దె ఇళ్లు దొరకకపోవడం అక్కడి కారణం. అమెరికాలో చదివే తెలుగు విద్యార్థులకు వేసవి సబ్‌లీజు కొత్త కాదు. ఇంటర్న్‌షిప్ కోసం వేరే ఊరు వెళుతూ గదిని మూడు నెలలు ఇంకొకరికి ఇవ్వాలంటే లీజింగ్ ఆఫీసు అనుమతి అడగడం వారికి మామూలు వ్యవహారం.

మన దేశంలో కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం ఒకటి నుంచి ఆరు గదుల ఇళ్లను గుర్తిస్తుంది, కానీ యజమాని కుటుంబం అక్కడే నివసించాలి. అరకులో ఇంటివాళ్లు ఉంటూ రెండు గదులు ఇచ్చేదానికి ఇది సరిపోతుంది. రుషికొండలో ఓనరూ లేని, అద్దెదారూ ఉండని ఫ్లాటు ఇందులో ఇమడదు. అది హోమ్‌స్టే కాదు, హోటలుగా అనుమతి తీసుకున్నదీ కాదు. రోగి బంధువుకు, కాంట్రాక్టు ఫిట్టరుకు తక్కువ ఖర్చులో వంటిల్లున్న గది దొరుకుతున్నది చాలావరకు ఈ పేరు లేని జాగాలోనే కనుక దీన్ని మూసేయడం కంటే నమోదులోకి తేవడం మేలు. ఆ నమోదుకు ఓనరు సంతకం, సంఘం లేఖ తప్పనిసరి చేస్తే చాలా తగాదాలు పుట్టకముందే ఆగుతాయి.

అనుమతి పత్రం

అనుమతి ఇవ్వదలచిన ఓనరు ముందు ఏ రకం ఏర్పాటు కావాలో తేల్చుకోవాలి. దూరాన ఉండి, ఇల్లు తన చేతిలోనే ఉండాలనుకునేవారికి అద్దె, సబ్‌లీజు కంటే నిర్వహణ ఒప్పందం నయం. ఇల్లు, రాబడి ఓనరువి. నడిపేవాడు కమీషను తీసుకుంటాడు, ఇంటి మీద అతనికి హక్కు పుట్టదు. అయితే అప్పుడు వసతి ఇచ్చేది ఓనరే, పన్నులూ పోలీసు సమాచారమూ ఆయన మెడకే. నష్టభయం వద్దు, నెలకింత నికరంగా రావాలి అనుకుంటే లీజు, దానికి అనుబంధంగా సబ్‌లీజు అనుమతి. రెంటినీ కలిపి, నెల అద్దె తీసుకుంటూనే లాభంలో వాటా అడిగే పత్రాలు రేపు ఓనరును భాగస్వామిగా చూపించగలవు. అంత తెలివి మంచిది కాదు.

పత్రంలో అన్నిటికంటే ముందు రావలసింది వాడకం: రోజు బసలకు, ఇంతమందికి మించకుండా, కనీసం ఇన్ని రాత్రులకు, విందులకూ వేడుకలకూ కాకుండా. కనీస బసను మూడు రాత్రులుగానో వారంగానో పెడితే వారాంతపు పార్టీల బెడద చాలావరకు తగ్గి, ఆసుపత్రి కోసం, పని కోసం వచ్చేవారు మిగులుతారు. అద్దెదారు స్వయంగా నడపాలి, మరో సంస్థకు అప్పగించకూడదు. సబ్‌లీజు గడువు అసలు లీజు గడువును దాటకూడదు. రిజిస్టరు, గుర్తింపు కాపీలు అద్దెదారు దగ్గర ఉండాలి, అడిగినప్పుడు చూపాలి. కరెంటు వర్గం మారితే, ఆస్తి పన్ను పెరిగితే ఆ తేడా ఎవరిదో అంకెలతో కాకపోయినా మాటల్లో ఉండాలి. ఇంటి బీమా ఉంటే కంపెనీకి వాడకం మార్పు రాతలో తెలపాలి. నివాసమని చెప్పి తీసుకున్న పాలసీ, లాడ్జీగా వాడుతున్న ఇంట్లో నిప్పంటుకుంటే తగాదాకు దారి తీస్తుంది.

సముద్రతీరానికి ప్రత్యేకమైన షరతు ఒకటుంది. ఉప్పుగాలికి కిటికీ గ్రిల్సు, ఏసీ బయటి యూనిట్లు, గీజరు బిగింపులు లోపలి ఊళ్లలో కంటే త్వరగా తుప్పు పడతాయి. ఖాళీ చేసేటప్పుడు ‘మామూలు అరుగుదల’ ఎంత, అతిథుల వల్ల జరిగింది ఎంత అన్నది అడ్వాన్సు తిరిగి ఇచ్చే రోజున పెద్ద పేచీ అవుతుంది. ఇల్లు అప్పగించే రోజున ఫోటోలతో జాబితా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టడం ఇక్కడ తప్పనిసరి. అడ్వాన్సు విషయంలో నమూనా చట్టం నివాసానికి రెండు నెలలు, నివాసేతరానికి ఆరు నెలల అద్దె హద్దు పెట్టింది. బసల వాడకాన్ని బట్టి ఎక్కువ అడిగే ఓనరు, వాడకం నివాసేతరమని తానే ఒప్పుకుంటున్నట్టని గుర్తుంచుకోవాలి.

అనుమతిని లీజు నుంచి విడదీసి రద్దు చేసే వీలు పెట్టుకోవడం ఇద్దరికీ మంచిది. సంఘం ఫిర్యాదు చేసినా, ప్రభుత్వం కొత్త నియమం తెచ్చినా, ముప్పై రోజుల నోటీసుతో బసలు ఆపి, అద్దెదారు కాపురం ఉండటానికో నెలవారీ కుటుంబాన్ని పెట్టుకోవడానికో ఇల్లు అతని దగ్గరే ఉంచవచ్చు. అప్పటికే తీసుకున్న బుకింగులు ఏమవుతాయో, ఆన్‌లైన్‌లోని ప్రకటన ఎన్ని రోజుల్లో తీసేయాలో రాయాలి.

లీజు ముగిసినప్పుడు

అద్దెదారు మీద సక్రమంగా వచ్చిన ఖాళీ డిక్రీ అతని ద్వారా వచ్చిన సబ్‌లీజుదారునూ కట్టిపడేస్తుంది. సబ్‌లీజుదారును కేసులో పార్టీగా చేర్చనక్కరలేదని సుప్రీంకోర్టు 1964 నాటి రఘువంశీ కంపెనీ కేసులో తేల్చింది. లైసెన్సు మీద ఉన్న అతిథికి అంతకంటే తక్కువ హక్కు. ముందుగా డబ్బు కట్టి రావలసినవారు ఇల్లు అడగలేరు, డబ్బు వెనక్కి అడగాల్సింది అద్దెదారునూ వేదికనూ.

లీజు ఎలా ముగిసిందన్నది మాత్రం పెద్ద తేడా తెస్తుంది. షరతు మీరినందుకు ఓనరు లీజును రద్దు చేస్తే, ఆస్తి బదిలీ చట్టం 115వ సెక్షన్ ప్రకారం దాని కింద పుట్టిన సబ్‌లీజులు కూడా రద్దవుతాయి, ఓనరు మోసంతో ఆ రద్దు తెచ్చుకుంటేనో కోర్టు అద్దెదారును మన్నిస్తేనో తప్ప. అద్దెదారు తనంతట తాను గడువుకు ముందే ఇల్లు వదిలేసి తాళాలు అప్పగిస్తే సంగతి వేరు. అంతకుముందు అనుమతితో, దాదాపు అసలు లీజు షరతులతోనే ఇచ్చిన సబ్‌లీజు దానివల్ల చెడదు. సబ్‌లీజుదారు అప్పటి నుంచి నేరుగా ఓనరుకే అద్దె కడతాడు, తన గడువు తీరేదాకా ఉంటాడు. అద్దెదారు వెళ్లిపోయాడు కనుక ఇల్లు ఖాళీ అయిందనుకున్న ఓనరుకు, తాను ఎన్నడూ చూడని సంస్థ అద్దెదారుగా మిగులుతుంది. సబ్‌లీజు అసలు లీజుతోనే, అది ఏ కారణంతో ముగిసినా, ముగియాలన్న వాక్యం అనుమతి పత్రంలోనూ సబ్‌లీజు పత్రంలోనూ ఉంటే ఈ పరిస్థితి రాదు.